పాత సామాను ఆన్‌లైన్‌లో అమ్మాలంటే: ఏ వస్తువును ఎక్కడ పెట్టాలి

ఇల్లు మారేటప్పుడో, పెద్దవాళ్లు పోయాక అన్నదమ్ములు సామాను పంచుకునేటప్పుడో అటక మీదున్నవన్నీ ఒక్కసారిగా నట్టింట్లోకి దిగుతాయి. ఇత్తడి గంగాళం, కంచు గిన్నెలు, మరచెంబులు, ఆగిపోయిన గోడ గడియారం, మర్ఫీ రేడియో, ఫ్రేము ఊడిన రవివర్మ పటం, డబ్బాలో నాలుగు వెండి రూపాయలు. చాలామంది వీటన్నిటినీ చాప మీద పరిచి రెండు ఫొటోలు తీసి, ఫోన్‌లో ముందు కనిపించిన సైట్లో పెట్టేస్తారు. మొదటి ఫోన్ తుక్కు కొనేవాళ్ల దగ్గర్నుంచి వస్తుంది, బేరం కిలోల లెక్కన మొదలవుతుంది.

సైటును ముందు ఎంచుకోవడం వల్లే ఇలా జరుగుతుంది. వస్తువు వయసెంత, బరువెంత, దాన్ని కోరి కొనేవాడు ఎక్కడుంటాడు అన్న మూడు సంగతులు తేలాక, దాన్ని ఎక్కడ పెట్టాలన్నది దాదాపు దానంతటదే తేలిపోతుంది. ఇంట్లోని పది వస్తువులకు నాలుగు వేర్వేరు చోట్లు కావాల్సి రావచ్చు. ఆ శ్రమకు ఫలితం ఉంటుంది.

మొదటి అడుగు: వయసు తేల్చుకోండి, ఎందుకంటే చట్టం అక్కడే మొదలవుతుంది

మన దేశంలో పాత వస్తువుల అమ్మకాన్ని 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం నడిపిస్తుంది. ఇది 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉంది. దీని ప్రకారం 100 ఏళ్లు నిండిన నాణెం, శిల్పం, చిత్రం, చేతిపని వస్తువు ఏదైనా పురావస్తువే. చారిత్రక, సాహిత్య, శాస్త్ర విలువ ఉన్న రాతప్రతులకైతే 75 ఏళ్లు చాలు. తాళపత్రాల కట్ట ఏదైనా ఉంటే దాన్ని అమ్మకం జాబితాలోంచి ముందే పక్కన పెట్టి, ప్రాచ్య లిఖిత గ్రంథాలయం వాళ్లకు చూపించండి.

వందేళ్లు దాటిన వస్తువు దేశం దాటకూడదు. ప్రైవేటు వ్యక్తులకు ఎగుమతి అనుమతే లేదు. దాటిస్తే ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, జరిమానా. 1919 నాటి వెండి రూపాయిని ఈబేలో విదేశీ కొనుగోలుదారుకు అమ్మి కవర్లో పంపడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. అమెరికా నుంచి వచ్చిన అబ్బాయి పెట్టెలో పెట్టి పంపి అక్కడ అమ్మిద్దామన్నా అదే తప్పు.

దేశం లోపల మీ ఇంటి వస్తువు ఒకటీ అరా మరొకరికి అమ్ముకోవడాన్ని ఈ చట్టం ఆపదు. అయితే పురావస్తువులు వరసగా కొని అమ్మడం మొదలుపెడితే అది వ్యాపారం, దానికి భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ లైసెన్సు ఉండాలి. ఇంకో మెలిక రిజిస్ట్రేషన్. వందేళ్లు దాటిన రాతి, లోహ, మట్టి, దంతపు శిల్పాలు, చిత్రపటాలు, బొమ్మలు వేసిన రాతప్రతులు, చెక్కడపు పని ఉన్న కర్ర సామాను రిజిస్టరింగ్ అధికారి దగ్గర నమోదై ఉండాలి. చేతులు మారినప్పుడు ఆ సంగతి కూడా తెలియజేయాలి. కాబట్టి పూజగదిలోని పాత పంచలోహ విగ్రహానికి నమోదు పత్రం లేకుండా ఏ సైట్లోనూ ఫొటో పెట్టకండి. గుడి విగ్రహాల దొంగతనాలు ఎన్ని జరుగుతున్నాయో తెలిసిందే. కాగితం లేని విగ్రహం ఫొటో చూసి మొదట వచ్చేది పోలీసులైతే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ కూడా 2020 జూన్ నుంచి చారిత్రక పురావస్తువుల క్రయవిక్రయాలను నిషేధించాయి.

వయసుతో సంబంధం లేకుండా అమ్మకూడనివి కొన్ని ఉన్నాయి. ఏనుగు దంతం, పులిగోరు, తాబేటి చిప్ప, గోడకు తగిలించిన దుప్పి కొమ్ములు వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి. తాతల నాటిదన్న వాదన అక్కడ నిలవదు. పొలంలోనో పునాది తవ్వకంలోనో దొరికిన నాణేలు, బిందెలు దొరికినంత మాత్రాన మీవైపోవు. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన ఏ నిధి దొరికినా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి.

కచ్చితమైన ఏడాది తెలియకపోతే ఆధారాలు వస్తువు మీదే వెతకండి. తయారీదారు ముద్ర, పేటెంటు నంబరు, గడియారం తలుపు లోపలి కాగితం, రేడియో వెనక అట్ట మీది రాతలు, ఒకప్పుడు రేడియో ఉంచుకోవడానికి తీసుకున్న లైసెన్సు పుస్తకం ఉంటే అందులోని స్టాంపులు చూడండి. ఇత్తడి కంచు సామానుకైతే అంచు చూడాలి. పెళ్లికో గృహప్రవేశానికో ఇచ్చినవాళ్ల పేరు, ఒక్కోసారి తేదీ, సుత్తితో చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంటారు. ఆ చుక్కల్లో నల్లగా పేరుకున్న మట్టిని ఏటవాలు వెలుతురులో చూస్తే అక్షరాలు చదవొచ్చు. పాత గుండ్రటి రాతలో ఉంటే వయసుకు అదొక సాక్ష్యం.

రెండో అడుగు: చేతిలో ఉన్నది నిజంగా ఏమిటి

వస్తువును సరిగ్గా గుర్తుపట్టకుండా వేదిక ఎంచుకోలేరు. ముందు అయస్కాంతం, అర గ్రాము దాకా చూపే తూకం, పదింతలు పెద్దదిగా చూపే భూతద్దం దగ్గర పెట్టుకోండి. మూడూ కలిపినా పెద్ద ఖర్చు కాదు. నాణేలుంటే 0.01 గ్రాము తూకం కావాలి.

ఇత్తడి, కంచు: అయస్కాంతం అంటుకుంటే లోపల ఇనుము, పైన పూత. వేలి కణుపుతో మీటితే కంచు గణగణమని చాలాసేపు మోగుతుంది, ఇత్తడి త్వరగా ఆగిపోతుంది. కంచు తుక్కు ధర కూడా ఇత్తడి కన్నా ఎక్కువ. బరువును ఆ రోజు తుక్కు రేటుతో గుణించి కాగితం మీద రాసుకోండి. అదే మీ కనీస ధర, ఏ వేదిక మీదా దానికి కిందికి దిగకూడదు.

నాణేలు: బ్రిటిష్ ఇండియా రూపాయి తూకం 11.66 గ్రాములు, అంటే సరిగ్గా తులం. 1939 దాకా ఉన్న వాటిలో 91.7 శాతం వెండి, అంటే నాణేనికి 10.69 గ్రాములు. 1940 నుంచి 1945 దాకా సగమే వెండి. 1946, 1947 రూపాయలు నికెల్, అయస్కాంతానికి అంటుకుంటాయి. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే జార్జి రాజు రూపాయలు వెండి ధరకు కాస్త అటూ ఇటూగా పోయేవే. అయితే 1911 నాటి రూపాయిలో రాజు వేసుకున్న గౌనుపై ఏనుగు బొమ్మ పందిలా కనిపించిందని ఆ ఏడాది ముద్రణను వెనక్కి తీసుకున్నారు. అది దొరికితే వేలం సంస్థను అడగాల్సిందే. రాముడు, హనుమంతుడు, లక్ష్మి బొమ్మలతో 1616, 1717, 1818 తేదీలు వేసి "ఈస్ట్ ఇండియా కంపెనీ అణా" అని ఉండే రాగి బిళ్లలు కంపెనీ ముద్రించినవి కావు. అవి ఆ తర్వాత ఎప్పుడో బజారులో తయారైన బిళ్లలు. వాటికి లక్షలు వస్తాయన్న వీడియోలు నమ్మి ఏ వేదికనూ వెతకకండి.

గడియారాలు: డయల్ మీది పేరు అమ్మిన దుకాణానిది కావచ్చు. తయారీదారు ముద్ర యంత్రం వెనక పలక మీద ఉంటుంది. లోలకం తీసి టార్చి వేసి చూడండి. డయల్‌కు మళ్లీ రంగు వేసి ఉంటే అంకెల అంచులు భూతద్దంలో మందంగా కనిపిస్తాయి.

గ్రామఫోన్లు: మెరిసే ఇత్తడి గొట్టంతో, హెచ్‌ఎంవీ కుక్కబొమ్మ కొత్త స్టిక్కరుతో ఉన్నవి చాలావరకు చిన్న పెట్టె గ్రామఫోన్ మోటారుకు కొత్త గొట్టం, కొత్త పెట్టె తగిలించి బజారులో కూర్చినవే. సేకర్తలు చూడగానే పసిగడతారు. అలాంటిదాన్ని అలంకార వస్తువుగా చెప్పే అమ్మండి. "ఒరిజినల్" అని రాస్తే వస్తువుతో పాటు మీ పేరూ పోతుంది.

రవివర్మ పటాలు: ముద్రణాలయం 1894లో మొదలైంది. కింది అంచున ప్రెస్సు పేరు, ఊరి పేరు సన్నగా అచ్చయి ఉంటే దాన్ని ఫ్రేములోంచి బయటికి కనిపించేలా ఫొటో తీయాలి. భూతద్దంలో రంగు చుక్కలు అడ్డదిడ్డంగా ఇసుక చల్లినట్టుంటే పాత రాతి అచ్చు. చుక్కలు వరసలుగా, చిన్న చిన్న పువ్వుల్లా అమరి ఉంటే ఇటీవలి ఆఫ్‌సెట్ కాపీ. రెండింటి ధరకూ పోలికే లేదు.

ఈ దశలో దేన్నీ తోమకండి. చింతపండుతో రుద్దిన నాణెం సేకర్తకు పనికిరాదు. అది వెండి ధరకే పోతుంది. ఇత్తడికి మాత్రం కొనేవాడిని బట్టి ఉంటుంది. అలంకారానికి కొనేవాళ్లు పాత మసక రంగునే కోరుకుంటారు, వంటకు కొనేవాళ్లు కళాయి పూయించిందా అని అడుగుతారు. ఎవరికి అమ్ముతున్నారో తేలాకే ముట్టుకోండి.

మూడో అడుగు: అడుగుతున్న ధర కాదు, అమ్ముడైన ధర చూడండి

సైట్లలో కనిపించే ధరలన్నీ అమ్మేవాళ్ల ఆశలు. నాలుగేళ్లుగా రెండు లక్షలకు పెట్టి ఉన్న రేడియోను చూసి మీదానికి లక్షన్నర అనుకోవద్దు. ఈబేలో వెతికాక అమ్ముడైన వస్తువుల ఫిల్టరు వేస్తే నిజంగా ముగిసిన అమ్మకాలు మాత్రమే వస్తాయి. అందులో ఒకే మోడల్‌వి కనీసం ఐదు తీసుకుని, అన్నిటికన్నా ఎక్కువ, అన్నిటికన్నా తక్కువ వదిలేసి మధ్యవి చూడండి. నాణేలకు, చిత్రాలకు వేలం సంస్థలు తమ పాత వేలాల ఫలితాలను సైట్లలో ఉంచుతాయి. ఆ అంకెలో కొనుగోలుదారు అదనంగా కట్టే ప్రీమియం కలిసి ఉందో లేదో చూసుకోండి. కలిసి ఉంటే అమ్మినవాడికి అందింది అంతకన్నా బాగా తక్కువ.

ట్రాక్టరు బొమ్మ ఐదు రూపాయల నోటుకు, 786 అంకె నోటుకు లక్షలిస్తామనే ప్రకటనల ఉచ్చులో మన రెండు రాష్ట్రాల్లోనూ చాలామంది పడుతున్నారు. రిజిస్ట్రేషన్ ఫీజు, పన్ను, కమిషన్ అంటూ ముందు మీచేతే డబ్బు కట్టించుకోవడం వాళ్ల పద్ధతి. ఇలాంటి లావాదేవీలతో తనకు సంబంధం లేదని, తన పేరుతో ఎవరూ కమిషన్ వసూలు చేయడానికి వీల్లేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. అమ్మేవాడి చేత ముందుగా డబ్బు కట్టించే చోటు ఏదైనా సరే వదిలేయండి.

నాలుగో అడుగు: వేదికలు ఒక్కొక్కటిగా

బరువైనవి, పెద్దవి, పగిలేవి స్థానికంగానే అమ్మాలి. కారణం కొరియర్ లెక్క. కొరియర్లు అసలు బరువు, ఘనపరిమాణపు బరువు రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి చార్జీ వేస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే కిలోలు వస్తాయి. తొమ్మిది కిలోల గంగాళాన్ని 60, 60, 45 సెంటీమీటర్ల పెట్టెలో పెడితే 32.4 కిలోల చార్జీ పడుతుంది. ఢిల్లీలో ఎవరో రెండు వేలు ఎక్కువిస్తామన్నా ఆ డబ్బు దారిలోనే పోతుంది. అందుకే గంగాళం, గుండిగ, పందిరి మంచం, భోషాణం, మండువా ఇంటి స్తంభాలు, రోలు, తిరగలి లాంటివి ఓఎల్‌ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ లాంటి చోట్ల, కొనేవాళ్లే వచ్చి తీసుకెళ్లే పద్ధతిలో పెట్టండి. వీటిని ఎక్కువ ధరకు కొనేది ఇంటీరియర్ డిజైనర్లు, హోటళ్లు, రిసార్టుల వాళ్లు. వాళ్లు హైదరాబాదు, విజయవాడ, విశాఖ లాంటి చోట్ల వెతుకుతారు. లొకేషన్ దగ్గర్లోని పెద్ద ఊరు పెట్టి, సామాను ఉన్న ఊరు మొదటి వాక్యంలోనే రాయండి. రాయకపోతే వచ్చే ఫోన్లలో సగం "ఎక్కడుంది" అన్న ప్రశ్నతోనే అయిపోతాయి. చెక్కడపు పని ఉన్న పాత తలుపులు, ద్వారబంధాలు వందేళ్లవైతే పైన చెప్పిన నమోదు సంగతి మరవకండి.

పేర్లూ మోడళ్లూ తెలిసినవాళ్లు మాత్రమే కొనేవి కొన్ని ఉన్నాయి: వాల్వు రేడియోలు, కెమెరాలు, ఫౌంటెన్ పెన్నులు, నిమిషానికి 78 చుట్లు తిరిగే గ్రామఫోన్ రికార్డులు, పాత సినిమా పాటల పుస్తకాలు, వాల్‌పోస్టర్లు, అగ్గిపెట్టె లేబుళ్లు. వీటికి ఫేస్‌బుక్, వాట్సాప్ సేకర్తల గుంపులే సరైన చోటు. ఫీజు ఉండదు, కొనేవాడికి వస్తువు విలువ తెలుసు, చెడ్డ ఫొటో పెట్టినా సరైన ప్రశ్న అడుగుతాడు. అయితే చేరగానే అమ్మకం పోస్టు పెట్టకండి. రెండు వారాలు అక్కడి లావాదేవీలు చదవండి. ధర పోస్టులోనే రాయాలా, వేలం పాటలా నడుస్తుందా, డబ్బు ముందా పార్సిల్ ముందా అన్నది ఒక్కో గుంపులో ఒక్కోలా ఉంటుంది. "మెసేజ్ చేస్తే ధర చెబుతాం" అనే పోస్టును సేకర్తలు అసలు పట్టించుకోరు. తెలుగు రికార్డులకు, పాటల పుస్తకాలకు కొనేవాళ్లు చెన్నై, బెంగళూరు దాకా ఉన్నారు కాబట్టి పేర్లు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయండి. ఒక లిపిలోనే రాస్తే రెండో లిపిలో వెతికేవాళ్లకు దొరకదు.

విదేశాలకు అమ్మే ఎట్సీ, ఈబేల మాటకొస్తే, వందేళ్ల లోపువి, చిన్నవి, తేలికవి అయితేనే ఆలోచించండి. ఎట్సీలో కనీసం 20 ఏళ్ల పాతదైతేనే వింటేజ్ విభాగంలో పెట్టనిస్తారు. అంటే మన చట్టం, వాళ్ల నియమం కలిపితే మీకు మిగిలేది 20 నుంచి 100 ఏళ్ల మధ్య వస్తువు. ప్రతి లిస్టింగ్‌కు, అంటే అమ్మకానికి పెట్టే ఒక్కో ప్రకటనకు, 0.20 డాలర్లు, అది నాలుగు నెలలకు ముగుస్తుంది. అమ్ముడైతే వస్తువు ధర, రవాణా చార్జీ రెండింటి మొత్తం మీద 6.5 శాతం, డబ్బు జమచేసే చార్జీ వేరు. 60 డాలర్ల తమలపాకుల డబ్బాకు 25 డాలర్ల రవాణా అనుకుంటే 85 మీద 5.53, లిస్టింగ్ కలిపి 5.73 డాలర్లు మొదటి దెబ్బ. ఈబే భారతదేశ సైటు 2018లో మూతపడింది, ఇక్కడివాళ్లు ఇప్పుడు విదేశాలకే అమ్మగలరు. పేపాల్ కూడా దేశంలోపలి చెల్లింపులను 2021 ఏప్రిల్ నుంచి ఆపేసింది.

ఎగుమతికి ఇంపోర్టర్ ఎక్స్‌పోర్టర్ కోడ్ తీసుకోవాలి. ఇంకా, 60 ఏళ్ల ఇత్తడి బొమ్మైనా పాతగా కనిపిస్తే కస్టమ్స్ వాళ్లు ఆపుతారు. అది పురావస్తువు కాదని పురావస్తు సర్వేక్షణ సంస్థ ఇచ్చే ధ్రువపత్రం ముందే తీసుకుంటే పార్సిల్ నెలల తరబడి గోదాములో ఉండిపోదు. అమెరికాకు పంపేవాళ్లు ఒకటి గమనించాలి. 800 డాలర్ల లోపు సరుకుకు ఉన్న సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేశారు. సుంకం ఎవరు కట్టాలో లిస్టింగ్‌లో రాయకపోతే కొనుగోలుదారు పార్సిల్ తీసుకోడు, వెనక్కి తెప్పించే ఖర్చు మీ మీద పడుతుంది.

అరుదైన నాణేలు, నోట్లు, పేరున్న చిత్రకారుల పనులు, వెండి సామాను వేలం సంస్థలకు ఇవ్వాలి. నాణేలకు ముంబైలో టోడీవాలా, బెంగళూరులో మరుధర్ ఆర్ట్స్, అహ్మదాబాదులో క్లాసికల్ న్యూమిస్మాటిక్ గ్యాలరీ. చిత్రకళకు ముంబైలోని శాఫ్రన్‌ఆర్ట్, పండోల్స్, ఆస్టాగురు లాంటివి. వస్తువు పట్టుకుని వెళ్లనక్కర్లేదు, ముందు ఫొటోలు, తూకం, కొలతలు మెయిల్ చేస్తే తీసుకుంటారో లేదో చెబుతారు. తీసుకుంటామన్నాక ఒప్పందం మీద సంతకం చేసేలోపు ఇవి అడగండి: అమ్మేవాడి కమిషన్ ఎంత, ఫొటో, కేటలాగు, బీమా ఖర్చులు అందులోనేనా, రిజర్వు ధర ఎవరు నిర్ణయిస్తారు, అమ్ముడుపోకపోతే తిరిగి పంపే చార్జీ ఎవరిది, వేలం ఎప్పుడు, వేలం ముగిశాక ఎన్ని రోజులకు డబ్బు వస్తుంది, కొన్నవాడు డబ్బు ఎగ్గొడితే ఏం చేస్తారు. రిజర్వు ధరే, అంటే అంతకన్నా తక్కువకు వస్తువును వదలకూడదని పెట్టుకునే ధరే, అన్నిటికన్నా ముఖ్యం. అది లేకుండా వస్తువు వదిలితే ఇద్దరే వచ్చిన పాటలో సగం ధరకు పోవచ్చు. వందేళ్లు దాటినదైతే కేటలాగులో ఎగుమతికి వీల్లేదని రాస్తారు. విదేశాల్లో ఉన్నవాళ్లు పాడరు కాబట్టి విదేశీ ధరలతో పోల్చుకుని నిరాశపడకండి.

అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ ఒకే సరుకు వందల్లో ఉన్నవాళ్లకు. ఒక్కటే ముక్క ఉన్న వస్తువుకు అక్కడ చోటు లేదు. ఇన్‌స్టాగ్రామ్ పేజీ కూడా వారం వారం కొత్త సామాను పెట్టగలిగితేనే నిలబడుతుంది.

ఐదో అడుగు: చేతికి మిగిలేది లెక్కవేయండి

వేదికలను పోల్చాల్సింది అమ్మిన ధరతో కాదు, చేతికొచ్చే డబ్బుతో. ఉదాహరణకు వాల్వు రేడియోకు స్థానికంగా 4,000 వస్తుందని, బెంగళూరు సేకర్త 6,500 ఇస్తానన్నాడని అనుకుందాం. పెట్టె 55, 35, 35 సెంటీమీటర్లయితే చార్జీ పడే బరువు 13.5 కిలోలు. కిలోకు 60 రూపాయలైనా 810, పెట్టె, స్పాంజి, బబుల్ చుట్టకు 500. మిగిలేది 5,190. తేడా 1,190 రూపాయలు. ప్యాకింగ్ సరిగ్గా చేయగలనన్న నమ్మకముంటే సేకర్తకే ఇవ్వండి, లేకపోతే ఊళ్లోనే అమ్మండి. దగ్గరి ఊళ్లకైతే ఆర్టీసీ కార్గో ధరలు కూడా అడగండి. బస్టాండు నుంచి బస్టాండుకు పోతుంది కాబట్టి చేతులు మారేది తక్కువ.

ఆరో అడుగు: లిస్టింగ్

ఒక్కో వస్తువుకు ఎనిమిది నుంచి పన్నెండు ఫొటోలు. కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా, తెల్ల పంచె పరిచి తీయండి. నాలుగు వైపులు, అడుగుభాగం, లోపల, ముద్ర, అతుకులు, తూకం మీద అంకె కనిపించేలా ఒకటి, పక్కన స్కేలుతో ఒకటి. సొట్ట, బీట, మాటు వేసిన చోటు విడివిడిగా దగ్గర్నుంచి తీయండి. దాచిన బీట పార్సిల్ విప్పాక బయటపడితే డబ్బు వాపసు ఇవ్వక తప్పదు. అంచు మీది పేర్లు మీ కుటుంబానివైతే కొంత భాగం కప్పి తీయొచ్చు, అడిగినవాళ్లకు మాటల్లో చెప్పండి.

వివరణలో కొలతలు, బరువు, లోహం, ముద్ర మీద ఉన్నది ఉన్నట్టు, మరమ్మతులు, పనిచేస్తుందా లేదా రాయండి. దశాబ్దాలుగా వాడని వాల్వు రేడియోను పనిచేస్తుందో చూద్దామని ప్లగ్గులో పెట్టకండి. లోపలి పాత కెపాసిటర్లు పోయి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు, దాంతో విలువ బాగా పడిపోతుంది. "పరీక్షించలేదు" అని రాయడం నిజాయితీ, లాభం కూడా.

ఏడో అడుగు: డబ్బు, మోసాలు

ఓఎల్‌ఎక్స్ లాంటి క్లాసిఫైడ్ సైట్లలో పెట్టిన గంటలోనే, వస్తువు చూడకుండా, బేరం ఆడకుండా "తీసుకుంటా, అడ్వాన్సు పంపుతా" అన్నవాడిని అనుమానించండి. సైన్యంలో పనిచేస్తున్నానని గుర్తింపు కార్డు ఫొటో పంపి, ఆ తర్వాత క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమంటారు. డబ్బు అందుకోవడానికి స్కాన్ చేయాల్సిన పని లేదు, పిన్ నొక్కాల్సిన పని అంతకన్నా లేదు. చెల్లింపు స్క్రీన్‌షాట్‌ను కూడా నమ్మకండి. మీ బ్యాంకు యాప్ తెరిచి నిల్వ చూసుకున్నాకే వస్తువు గడప దాటాలి. ఒక్కరి నుంచి రెండు లక్షలు, అంతకు మించి నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం కుదరదు, బ్యాంకు ద్వారానే తీసుకోండి.

పాత రాగి, ఇత్తడి పాత్ర పెట్టగానే బియ్యాన్ని లాగుతుందా, అందులో ఇరిడియం ఉందా అని అడిగేవాళ్లు వస్తారు. రైస్ పుల్లింగ్ పేరుతో మన దగ్గర ఏళ్లుగా నడుస్తున్న మోసం ఇది. కోట్లు ఆశపెట్టి పరీక్ష ఖర్చుల పేరుతో లక్షలు గుంజుతారు. జవాబివ్వకుండా బ్లాక్ చేయండి.

ఎనిమిదో అడుగు: ప్యాకింగ్

పడితే సొట్ట పడేది ఇత్తడి, పగిలేది కంచు. తగరం పాలు ఎక్కువ కాబట్టి కంచు గాజులా బీటలు వారుతుంది. కంచు గిన్నెలను ఒకదానిలో ఒకటి పెట్టి పంపకండి. ఒక్కోదాన్ని విడిగా చుట్టి, పెట్టె గోడకూ గిన్నెకూ మధ్య 5 సెంటీమీటర్ల స్పాంజి ఉండేలా సర్దండి, ఆ పెట్టెను మరో పెద్ద పెట్టెలో పెట్టండి. మూసి ఊపితే లోపల కదలిక వినపడకూడదు. గడియారం లోలకం, తాళంచెవి విడదీసి వేరుగా చుట్టాలి, గాజు మీద అడ్డంగా టేపు వేయాలి. గ్రామఫోన్‌కు సూది బిగించే గుండ్రటి భాగాన్ని (సౌండ్‌బాక్సు) విప్పి వేరే డబ్బాలో పెట్టాలి. లక్క రికార్డులను పడుకోబెట్టి దొంతర పెట్టకండి. రెండు గట్టి అట్టల మధ్య బిగించి నిలబెట్టండి. పటాన్ని గాజు తీసేశాకే పంపాలి, పగిలిన గాజు బొమ్మను చీల్చేస్తుంది. ప్యాకింగ్ మొదలు నుంచి చివరిదాకా వీడియో తీసి పెట్టుకుంటే "పగిలి వచ్చింది" అన్న గొడవలో అదే మీ ఆధారం.

పన్ను సంగతి

ఇంట్లో వాడుకున్న గిన్నెలు, రేడియోలు, మంచాల లాంటివి సొంత సామాను కింద లెక్క, అమ్మితే మూలధన లాభం పన్ను పడదు. నగలు, చిత్రపటాలు, శిల్పాలు, కళాఖండాలు, పురావస్తు సేకరణలకు ఆ మినహాయింపు లేదు. 24 నెలలకు మించి ఉంచుకున్నవైతే, 2024 జూలై 23 నుంచి జరిగిన అమ్మకాల్లో లాభం మీద 12.5 శాతం పన్ను. వారసత్వంగా వచ్చినదైతే పెద్దల దగ్గరున్న కాలమూ కలుస్తుంది, 2001 ఏప్రిల్ 1కి ముందు నుంచీ ఉన్నదైతే ఆ రోజు మార్కెట్ విలువను కొన్న ధరగా చూపొచ్చు. దానికి వాల్యుయర్ ఇచ్చే కాగితం అమ్మకానికి ముందే తీసుకోండి, అమ్మేశాక చూపడానికి వస్తువు ఉండదు. వ్యాపారంగా, డబ్బు తానే వసూలు చేసే సైటు ద్వారా రాష్ట్రం దాటి అమ్మితే టర్నోవర్ ఎంతన్న దానితో సంబంధం లేకుండా జీఎస్టీ నమోదు తప్పనిసరి.

ఒక చోట పెట్టింది నెల గడిచినా కదలకపోతే ధర తగ్గించే ముందు వేదిక మార్చి చూడండి. చూసినవాళ్లు చాలామంది ఉండి అడిగినవాళ్లు లేకపోతే ధర ఎక్కువ. చూసినవాళ్లే లేకపోతే చోటు తప్పు, లేదా పేరు తప్పు రాశారు. అమ్మాక కొన్నవారి పేరు, తేదీ, మొత్తం, వస్తువు ఫొటోలతో ఒక రసీదు కాగితం రాసి రెండు సంతకాలు తీసుకుని, మీ ప్రతిని ఫైలులో పెట్టుకోండి.